బాబాయి చేసిన ఆఖరి కట్టుడు పళ్ళు

పోయిన సోమవారం పొద్దున బడికి బయలుదేరి చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ మోగింది. బాబాయి కూతురు. "అక్కా, నాయిన పోయిండు. చాయ్ తాగుత అన్నడు, తెచ్చేసరికి లేడు" అంది. వేసుకున్న ఒక్క చెప్పూ విప్పేశాను. సిగ్గుపడుతూ చెబుతున్నాను, నాకు ముందు గుర్తొచ్చింది ఆయనకు రాసిపెడతానని రాయకుండా వదిలేసిన ఉత్తరం. ఆ తర్వాతే ఏడుపొచ్చింది.

ఆయన నాకు చుట్టం కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికి ఉన్న ఇంటి కింది వాటాలో ఆయన దుకాణం. పళ్ళ డాక్టర్లు పంపే కొలతలకు కట్టుడు పళ్ళు చేసిచ్చేవాడు. సందులో పిల్లలకు పళ్ళ తాత, నాకు బాబాయి. మాది గుంటూరు వైపు. "చిన్నాయిన అనరాదే? బాబాయి అంటె సినిమల మనిషి లెక్క అనిపిస్తది" అని ఏడిపించేవాడు. అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమానికి భయపడి సైదాబాద్‌లో తలుపులు బిగించుకుని ఇంట్లో కూర్చున్న రోజుల గురించి మా నాన్న చెబితే, "గప్పుడు బయట ఒర్లింది నేనే సారూ. పొమ్మంటె మీరు పోకపోతిరి. ఇగ మీ పళ్ళు నేనే కట్టవడితి" అనేవాడు. మా నాన్నకు, ఆ తర్వాత అమ్మకు ఆయనే పళ్ళు కట్టాడు.

కొత్త పళ్ళు నోట్లో అమర్చగానే ఎవరైనా అద్దం అడుగుతారు. ఆయన అద్దం వెనక్కి దాచి, "ముందుగాల నీ పేరు జెప్పు" అనేవాడు. మా అమ్మ మూడుసార్లు చెప్పింది. మూడోసారికి పేరు పేరులా పలికింది. అప్పుడుగానీ అద్దం చేతికి రాలేదు. "తినుడుదేముంది బిడ్డా, నానవెట్టుకొని తింటరు. మాట రావాలె గద" అనేవాడు. అందరి చిగుళ్ళ అచ్చులూ ప్లాస్టర్‌తో పోసి, అడుగున పెన్సిల్‌తో పేరు రాసి, అరల్లో దాచేవాడు. మనిషి పోయినా అచ్చు పారేసేవాడు కాదు. మా అమ్మా నాన్నా పోయాక కూడా ఆ అరల్లో పక్కపక్కనే ఉండేవారు.

రాష్ట్రం వచ్చాక, అరవై తొమ్మిది ఉద్యమంలో తిరిగినవాళ్ళకు శాలువాలు కప్పుతామని కాలనీ కుర్రాళ్ళు పేర్లు రాసుకుంటూ దుకాణానికొచ్చారు. అంత సరదా మనిషీ ఒక్కసారిగా చిరాకుపడ్డాడు. "నాకొద్దు. గా దినాల్ల నేను చేసింది నాకు ఎర్క" అని వాళ్ళను పంపేశాడు. ముసలాయనకు బెట్టు ఎక్కువనుకున్నాను. అలా అనుకోవడం నాకు అలవాటే.

రెండేళ్ళ కింద, ఎల్బీనగర్‌లో నేను తెలుగు చెప్పే బడి నుంచి పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్ళాం. విజయవాడ రోడ్డులో బాటసింగారం దాటాక, పాతకాలం పల్లెను చూపిస్తామంటూ ఎవరో ఒక పార్కు కట్టారు. కుమ్మరి సారె, విసుర్రాయి, ఎడ్లబండి మీద ఒక తిప్పు. బస్సులో సీటు మిగిలితే "రా బాబాయి, మీ ఊరు గుర్తొస్తుంది" అని నేనే పిలిచాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

అన్నీ చూశాక చివర్లో ఒక గుడిసె. లోపల ఎర్ర బల్బు వెలుతురులో జుట్టు విరబోసుకున్న ముసలమ్మ బొమ్మ, ఒళ్ళో నిమ్మకాయలు, గడ్డం దాకా దిగిన రెండు కోరలు. మీట నొక్కితే తల ఊపుతూ నవ్వుతుంది. బయట బోర్డు మీద అందమైన అక్షరాలతో రాశారు: "పూర్వం ప్రతి పల్లెలో ఒక మంత్రగత్తె ఉండేది. రండి, ఆమెతో ఫొటో దిగండి." పిల్లలు కేకలు పెట్టారు. నేనూ ఆ కోరల పక్కన మొహం పెట్టి ఫొటో దిగి, అక్కడే వాట్సాప్ స్టేటస్ పెట్టాను. బయటికొస్తే బాబాయి చెరుకురసం బండి దగ్గర బెంచీ మీద ఉన్నాడు. చేతిలో గ్లాసు నిండుగా అలాగే ఉంది.

"గా పళ్ళు తప్పు బిడ్డా" అన్నాడు.

పనివాడు కదా, కొలతలు చూస్తున్నాడనుకుని నవ్వాను.

"మంత్రగత్తె అన్నంక ఇగ పళ్ళుంటయా? ముందుగాల పళ్ళే రాలగొడ్తరు. పళ్ళు లేకుంటె మంత్రం పలుకదని. మా అవ్వకు ఒక్కటి ఉంచలే."

వాళ్ళ వైపు అవ్వంటే తల్లి. నల్గొండ పల్లెలో ఒంటరి విధవరాలు, ఇల్లిల్లూ తిరిగి పాలు పోసేది. ఒక్కగానొక్క కొడుకును చదువుకని సైదాబాద్‌లో మేనమామ ఇంట్లో ఉంచింది. అరవై తొమ్మిదిలో బడులు మూతపడ్డాయి, బస్సులు నిలిచిపోయాయి. ఊరి పెద్దింట్లో జ్వరం వచ్చి ఒక పిల్లాడు చనిపోతే, ఈమె బాణామతి చేసిందన్నారు. ఎడ్లబండి మీద పట్నం వచ్చిన ఒక మనిషితో ఆమె కొడుక్కి కబురు పంపింది. బిడ్డా, ఊళ్ళె నా మీద ఏందేందో అంటున్నరు, ఒక్కసారి వచ్చిపో అని.

"గా బండెక్కి పోతె అయిపోతుండె. మరునాడు జులూస్ ఉండె. నాకు పద్నాలుగేండ్లు. జెండ నా చేతికిస్తమన్నరు. వచ్చే వారం పోత తియ్యి అనుకున్న" అన్నాడు బాబాయి. "ఎనిమిదో దినం మా మామ పొయ్యి తోలుకొచ్చిండు. మూతికి గుడ్డ గట్టి ఉన్నది. నన్ను చూసి పేరు వెట్టి పిలిచింది బిడ్డా. నాకు సమజ్ గాలే. నా పేరే నాకు సమజ్ గాలే."

పళ్ళపని ఆయన నేర్చుకున్నది, చర్చికి అలవాటుపడ్డది ఆమెకు వైద్యం చేసిన మిషన్ దవాఖానలోనే. కట్టిన మొదటి పళ్ళు ఆమెకే. నాలుగేళ్ళు వాటితో బతికింది. కొడుకును ఒక్క మాట అనలేదట. అదే ఆయనను తినేసింది.

ఆ రోజు ఆయన నేరుగా పార్కు మేనేజర్ గదికి వెళ్ళాడు. వెనకాలే నేను. మేనేజర్ మర్యాదగల కుర్రాడు, కుర్చీలు వేయించి నీళ్ళు తెప్పించాడు. బాబాయి తన తల్లి సంగతి చెప్పకుండా, "బోర్డు మీద గట్ల రాయొద్దు సారూ. మంత్రగత్తె అని ఆడోళ్ళను కొట్టేటోళ్ళు, చంపేటోళ్ళు అని రాయాలె" అన్నాడు.

"సరదా కోసం వస్తారండి అంకుల్. అలాంటివి రాస్తే ఎవరు చూస్తారు? అయినా అదంతా మన హెరిటేజే కదండీ" అన్నాడా కుర్రాడు. ఇంతలో మాటల్లో ఈయన కట్టుడు పళ్ళు చేస్తాడని తెలిసింది. "అరె, సమయానికి దొరికారు! ఆ కోరలు ఊరికే ఊడిపోతున్నాయండి. గట్టివి మీరే చేసిపెట్టకూడదూ?"

నాకు ఒళ్ళు మండింది. బాబాయి మాత్రం "చేస్త" అన్నాడు.

బస్సు దిగేటప్పుడు ఇక ఆగలేక "ఎలా ఒప్పుకున్నావు బాబాయి?" అని అడిగాను. "అవ్వ అచ్చు ఉన్నది నా తాన" అన్నాడు.

చూపు సరిగ్గా ఆనకపోయినా ఇరవై రోజులు కూర్చుని చేశాడు. బొమ్మ నోటికి సరిపడా కొంచెం పెద్దవిగా, కానీ అచ్చంగా మనిషి పళ్ళు. ఆయనకు గుర్తున్న అవ్వ పళ్ళలా చిన్నవి, కాస్త అరిగినవి, ముందు రెంటి మధ్య సందుతో. తీసుకెళ్ళి తనే అమర్చాడు. ఆ బొమ్మను కూడా పేరు అడిగాడేమో తెలియదు, నేను వెళ్ళలేదు.

నెల తిరక్కుండా మేనేజర్ నాకు ఫోన్ చేశాడు. "మేడమ్, పిల్లలు భయపడటం లేదండి. మా నానమ్మలా ఉంది, మా అమ్మమ్మలా ఉంది అంటున్నారు. పాతవే పెట్టించేశాం. ఇవి పంపిస్తాను" అన్నాడు. సగం మాటే బాబాయికి చెప్పాను. ఆయన మొహం విచ్చుకుంది. "నానమ్మ లెక్కుందన్నరా? పోరగాండ్లు గట్లన్నరా?" అని పదిసార్లు అడిగాడు. మిగతా సగం మర్నాడు కొరియర్ కవరే చెప్పింది. ఆ పళ్ళను ఆయన గ్లాసు నీళ్ళలో వేసి కిటికీలో పెట్టాడు. ఎవరి నోటివీ కాని పళ్ళకు నీళ్ళు దేనికని నేను అడగలేదు.

ఆ తర్వాత ఒకటే కోరిక కోరాడు. "నువ్వు తెలుగు టీచర్వు. మంచిగ ఒక ఉత్తరం రాసియ్యి బిడ్డా. కోరలు ఉంటె ఉండనీ. బోర్డు మీద అవ్వ పేరొకటి రాయమను. గిట్ల ఒకామె ఉండె, గిట్ల చేసిన్రు అని. గంతే."

రాస్తానన్నాను. పరీక్షలు వచ్చాయి. పేపర్లు దిద్దాను. మోకాళ్ళ నొప్పులు, మనవడి బారసాల. మెట్లు దిగుతూ కనబడ్డప్పుడల్లా "వచ్చే వారం రాస్తా బాబాయి" అన్నాను. ఆయన తల ఊపేవాడు. ఆ మాటే ఒకప్పుడు తనూ అనుకున్నాడని నాకు చెప్పిన మనిషి, ఒక్కసారి కూడా నాకు ఎత్తిచూపలేదు. చూపి ఉంటే బాగుండేది.

మంగళవారం చర్చి వెనక సమాధుల తోటలో మట్టి వేసి వచ్చాం. ఆ సాయంత్రమే కాగితం తీశాను. ఇన్నాళ్ళూ కుదరని ఉత్తరం గంటలో కుదిరింది. "అయ్యా, మీ గుడిసె ముందు బోర్డు మీద ఈమె పేరు రాయండి" అని రాసి ఆగిపోయాను. ఆమె పేరు నాకు తెలియదు. రెండేళ్ళలో ఒక్కనాడూ అడగలేదు. వచ్చిన ప్రతివాళ్ళనూ పేరు అడిగిన మనిషిని, తన తల్లి పేరేమిటని అడగాలని నాకు తోచలేదు.

మర్నాడు దుకాణానికి వెళ్ళాను. నెలాఖరుకు ఖాళీ చేయాలట, కూతురు అచ్చులను గోనెసంచుల్లో వేస్తోంది. అడిగితే, "నాకు తెల్వదక్కా. నాయిన ఎప్పుడు అవ్వ, అవ్వ అనే అంటుండె. నేను పుట్టేసరికే ఆమె లేదు. నాయిన మేనమామ గూడ పోయిండు, గా ఊరికి మేం మల్లెన్నడు పోలే" అంది. ఇద్దరం కిందకూర్చుని ఒక్కో అచ్చూ తిప్పి చూశాం. మా అమ్మ పేరు దొరికింది, నాన్న పేరు దొరికింది. పై అరలో, గుడ్డలో చుట్టి, పసుపుపచ్చగా మారిన పాత అచ్చు ఒకటి ఉంది. తిప్పాను. పద్నాలుగేళ్ళప్పుడు జులూస్‌లో జెండా పట్టిన చేయి, పెన్సిల్‌తో ఒత్తి ఒత్తి రాసింది: "అవ్వ".

పార్కు నడుస్తూనే ఉంది. ఈ ఆదివారం కూడా మా సందులోవాళ్ళు వెళ్ళి ఫొటోలు పెట్టారు. ఆ అచ్చును నేను ఇంటికి తెచ్చుకున్నాను. పేరు దగ్గర ఖాళీ వదిలిన ఉత్తరం ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా, పళ్ళు లేని ఆ చిగుళ్ళను దాని మీద పెట్టాను.