కొండముచ్చు తిన్న ఆకు

హులిగెమ్మ మా పెద్దక్క. మంచి ఆకేదో, విషమేదో తెలియని మనిషి అని ఆమెను ఇప్పటికీ ఆడిపోసుకునేవాళ్ళున్నారు. కడుపు నిండినవాళ్ళకేం, ఎన్నైనా అంటారు. యాభై రెండు కరువులో కోసిగి దగ్గర మా ఊళ్ళో ఉండి ఉంటే తెలిసేది వాళ్ళకు.

వానలు లేవు. బావ మారెన్న తుంగభద్ర ఆనకట్ట పనికి పోయి నాలుగు నెలలైనా కబురు లేదు. మా వీధిలోనే ఉన్న అక్క ఇంట్లో నడవలేని అత్త ఓబులమ్మ, ఆరేళ్ళ కూతురు తాయమ్మ. వానలు పడేదాకా ఆ పిల్లను బతికించుకోవాలి, అక్కకు అదొక్కటే ధ్యాస.

జొన్నలు అయిపోయాక ఆమె కొండముచ్చుల వెంట పడింది. మా వైపు వాటిని ఆంజనేయుడి బిడ్డలంటారు, ఎవరూ రాయి విసరరు. అవి తిన్నది మనిషికి చేటు చేయదని పెద్దల నమ్మకం. పొద్దున్నే అవి బండలమీద ఎండ కాచుకునేవి. తరువాత చెట్లెక్కి చిగుళ్ళు తుంపేవి. ఎండ ముదిరితే తోకలు వేలాడేసి నీడలో కునికేవి, పెద్ద మగది మాత్రం కాపలా కాసేది. అక్క కింద కూర్చుని అంతా చూసేది. అవి తిన్న ఆకే కోసి తెచ్చి ఉడికించేది.

కొత్త ఆకు తెస్తే మొదటి ముద్ద ఓబులమ్మది. "ముసిల్దాన్ని, పోతే నేను పోతా. తెల్లారి నేను లేస్తేనే పిల్లకు పెట్టు" అనేది. అలా నెలన్నర గడిపారు.

వైశాఖంలో కొండ మాడిపోయింది. ఒక తీగ మాత్రం పచ్చగా ఉంది, దాని పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు. కొండముచ్చులు తలా నాలుగాకులు తుంపుకుని వేరే చెట్టుకు పోయాయి. అక్క ఒడి నింపుకుంది. వాటి కడుపులో ఆవు కడుపులోలాగా గదులుంటాయని, మనల్ని చంపే ఆకైనా కొంచెంగా తింటే వాటికి అరుగుతుందని చాలా ఏళ్ళకు ఒక పశువుల డాక్టరు నాకు చెప్పాడు. అప్పుడెవరికి తెలుసు, నా మొహం.

ఆ మధ్యాహ్నం ఓబులమ్మ తింది. సాయంత్రానికి బాగానే ఉంది. తాయమ్మ ఏడుపు ఆపలేదు.

"పిల్ల కడుపులో ఏమీ పడక రెండు దినాలాయ అత్తా. నువ్వు బాగనే ఉండావు కదా."

"తెల్లారనీలేవే."

"అంతదాకా ఉంటాదా అది?" అని అక్క పిల్లకు పెట్టేసింది. ఉడికిన ఆకు ఇద్దరికే సరిపోయింది, తను తినలేదు.

తెల్లవారేసరికి ఇద్దరికీ వాంతులు. ముసలామె తట్టుకుంది. పొద్దెక్కేలోపు తాయమ్మ పోయింది. "నన్నెందుకు మిగిల్చినావు దేవుడా" అని ఓబులమ్మ తల బాదుకుంది. అక్క మాత్రం ఏడవలేదు. అది చూసే నాకు భయమేసింది.

మూడో రోజు ఆమె కొండెక్కుతుంటే వెంట పోయాను. ఒక ఆడ కొండముచ్చు పిల్లను పొట్టకు కరుచుకుని కొమ్మమీద కూర్చుంది. అక్క రాయి తీసుకుంది.

"నీ బిడ్డ బాగుండాదే" అంది దానితో.

నేను ఆపలేదు. కొట్టనీ, పాపం వస్తే రానీ అనుకున్నాను. అక్క రాయి కింద పడేసి, అది ఏ ఆకు తింటోందో చూడసాగింది. ఇంట్లో ముసలామెకు ఆకలిగా ఉంది.