మూకుడు అంటుకున్న మధ్యాహ్నం

శామీర్‌పేట దాటాక కొత్తగా వేసిన కాలనీలో మాది చివరి వరస. మా ఇంటి తర్వాత ఖాళీ ప్లాట్లు, ఆ తర్వాత చెట్లు, ఆ చెట్ల నిండా కోతులు. మామగారు పోయాక అత్తయ్య భీమవరం నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. వచ్చిన మర్నాటికే వంటిల్లు ఆవిడదైపోయింది. నేనేం బాధపడలేదు. పొద్దున్న తొమ్మిదికి లాప్‌టాప్ ముందు కూర్చుంటే సాయంత్రం ఏడింటికి లేచే మనిషిని. ఎవరైనా ఇంత వండిపెడితే దణ్ణం పెట్టి తింటాను. ఆవిడకేమో స్టవ్ ముందు నిలబడితేనే తన ఇంట్లో ఉన్నట్టు. నాలుగున్నరకే లేచి డికాక్షన్ వేసుకుని, కాఫీ గ్లాసుతో వెనక గుమ్మంలో కూర్చునేవారు.

ఆ వేసవిలో డాబా మీద మినప వడియాలు పెట్టారు. కోతులున్న ఊళ్లో వడియాలేంటి అత్తయ్యా అంటే వినరు. పక్కనే కర్ర పెట్టుకుని కాపలా కాసేవారు. ఒక మధ్యాహ్నం, చల్లమిరపకాయలు వేయిద్దామని కిందికొచ్చి మూకుట్లో నూనె పోసి స్టవ్ మీద పెట్టారో లేదో, డాబా మీద దబదబా చప్పుడు. కర్ర పట్టుకుని పైకి పోతూ నా గది గుమ్మంలో ఆగారు. "నూనె పెట్టాను, కాస్త స్టవ్ చూస్తూ ఉండమ్మా" అన్నారు.

నేను మీటింగులో ఉన్నాను. ఒక చెవిలో హెడ్‌ఫోన్, ఇంకో చెవిలో ఆవిడ. "ఊ" అన్నాను. ఈ ఇంట్లో నేను అందరికీ ఊ అంటాను. దానికి అర్థం విన్నానని కాదు, నన్నొదిలేయండి అని. మా ఆయనకి ఆ సంగతి తెలుసు గనక రెండోసారి అడుగుతారు. అత్తయ్యకి తెలీదు. ఊ అన్నాను కదా అని నిశ్చింతగా పైకి వెళ్లిపోయారు.

కాసేపటికి వాసన వచ్చింది. మా వైపు వాసనకి ఎవరు లేస్తారు? గాలి మళ్లితే మేడ్చల్ ఫ్యాక్టరీల కంపు, లేకపోతే ఖాళీ ప్లాట్లలో చెత్త తగలబెట్టిన కంపు. లేచి కిటికీ మూసి మళ్లీ కూర్చున్నాను. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది. హాల్లో గోడ మీద ఎర్రగా వెలుగు కదిలితే అప్పుడు పరిగెత్తాను. మూకుట్లోంచి మంట లేచి చిమ్నీని అందుకుంది. చిమ్నీలో జిడ్డు మండుతూ కిందికి కారుతోంది. పక్కనున్న ప్లాస్టిక్ బుట్ట కరిగిపోతోంది. నేను చెంబుతో నీళ్లు ముంచాను.

సరిగ్గా అప్పుడే గిన్నెలు తోమడానికి వచ్చింది మా పనామె. శామీర్‌పేట చెరువు అవతలి ఊరు ఆమెది. నా చెయ్యి పట్టి వెనక్కి గుంజింది. "నీళ్లు పొయ్యకుండ్రి అమ్మా, నూనె మంట ఎగుర్తది. జర జరుగుండ్రి." వంగి సిలిండర్ కట్టేసింది. ఇడ్లీ గిన్నె మూత తీసి మూకుడు మీద బోర్లించింది. తలుపు దగ్గరి గోనెపట్టా తడిపి నాకిచ్చి, కరిగే బుట్ట మీద కప్పమంది. మూకుట్లో మంట అణిగాక చిమ్నీలో ఉన్నది కూడా కాసేపు బుసకొట్టి ఆరిపోయింది.

అత్తయ్య రొప్పుకుంటూ దిగేసరికి వంటిల్లంతా మసి. "ఏంది పెద్దమ్మా, నూనె పెట్టి గిట్ల ఇడిసిపెట్టి పోతరా?" అంది పనామె. అత్తయ్య నా వంక చూశారు. నేను ఫోన్ వంక చూశాను. మీటింగులో వాళ్లు "ఉన్నారా, వినపడుతోందా" అని మెసేజీలు పంపుతున్నారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు.

సాయంత్రం మా ఆయన వచ్చి, చూసి, నీరసంగా కూలబడ్డారు. "దానికి చెప్పే వెళ్లాను రా" అన్నారు అత్తయ్య.

"మీటింగులో ఉన్నానండీ. నాకేం వినపళ్లేదు" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. తర్వాత వెనక్కి తీసుకుందామని అనుకోలేదా అంటే అనుకున్నాను. కానీ చిమ్నీ వాళ్లకి ఫోన్లు, రంగుల వాళ్లకి ఫోన్లు, వారం రోజులు మసి తుడుచుకోవడం, మధ్యలో ఆఫీసు. నిజం చెప్పడానికి కూడా ఓపిక కావాలి, నా దగ్గర లేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

మా ఆయన తల్లిని కోప్పడలేదు. అదే ఎక్కువ బాధ. "నీకీమధ్య మరుపు వస్తోందమ్మా. ఇక స్టవ్ జోలికి వెళ్లకు" అని మెల్లగా చెప్పి, రాత్రి పడుకునే ముందు సిలిండర్ కట్టేసి వంటింటికి తాళం పెట్టడం మొదలెట్టారు. నేను ఆరున్నరకి లేచి తలుపు తీసేదాకా అత్తయ్య హాల్లో కుర్చీలో కాఫీ కోసం కూర్చునేవారు. మొదట్లో "చెప్పాను కదరా" అనేవారు. తర్వాత "చెప్పాననే గుర్తు" అన్నారు. తర్వాత ఆ మాటే ఎత్తలేదు. హమ్మయ్య, మర్చిపోయారు అనుకున్నాను నేను.

ఒకరోజు పనామె గిన్నెలు కడుగుతూ గొంతు తగ్గించింది. "అమ్మా, ఒక మాట చెప్త, ఏమనుకోకుండ్రి. మేడ్చల్ల మతిమరుపుకు మందిచ్చే డాక్టర్ ఉన్నడా అని పెద్దమ్మ నన్నడుగుతాంది. కొడుక్కు చెప్పకు, పరేషాన్ అయితడు, నీతోని ఆటోల వస్త అంటాంది."

తిన్నగా అత్తయ్య గదిలోకి వెళ్లాను. ఆరిన బట్టలు మడత పెడుతున్నారు. పక్కన కూర్చుని, "అత్తయ్యా, ఆ రోజు మీరు చెప్పారు. స్టవ్ చూడమన్నారు. నేను విన్నాను, ఊ కూడా అన్నాను. తప్పు నాది, మీకే మరుపూ లేదు" అన్నాను. ఏడుపొచ్చేసింది. ఆయనకి కూడా ఇవాళే చెప్పేస్తానన్నాను.

ఆవిడ తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని నా వైపు తిరిగారు.

"చెప్పానా?" అన్నారు.

"చెప్పారు అత్తయ్యా."

నా చెయ్యి నిమిరారు. "నా మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అలా అంటున్నావు. మంచిదానివమ్మా నువ్వు. ఊరికే నీమీద వేసుకోకు, వాడికేం చెప్పకు. నా మరుపు నాకు తెలుస్తూనే ఉంది." తువ్వాలు మడత పెట్టి దొంతర మీద పెట్టారు. "డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్లు. మంగళవారం వద్దు, బుధవారం వెళదాం."