గానుగ నోటికి తొడుగు

అనకాపల్లిలో వెల్డింగు షాపు పెట్టి ముప్పై ఏళ్లయిన నూరుద్దీన్‌కి, ఎవరైనా తన పనికి వంకపెడితే కోపం. తన పని ఇంకొకరు చేసి మెప్పు పొందితే కడుపుమంట. ఈ రెండోదాన్ని ఆయన ఒప్పుకోడు గానీ, వీధి వీధంతటికీ తెలుసు.

ఆరేళ్ల కిందట మునగపాక వైపు చెరకు గానుగల్లో చేతులు నలిగిపోతుంటే, రోలర్లకు అడ్డంగా ఇనుప తొడుగు చేసింది మొదట ఆయనే. పది గానుగలకు బిగించాడు. ఇప్పుడేమో అదే వీధిలో కిరాణా కొట్టు వాజిద్ కూతురు మహేక్, ఇంజినీరింగు చదివి, పల్లెల్లో పనిచేసే ఏదో సంస్థలో చేరి, చెక్కతో తొడుగు చేసిందట. అందరూ అదే పెట్టించుకుంటున్నారట. రైతులు తన షాపు ముందే నిలబడి ఆ పిల్లను పొగుడుతుంటే నూరుద్దీన్‌కి తాగే టీ కూడా చేదయింది. నిన్నటిదాకా తన షాపులో మేకులు ఏరుకుని ఆడుకున్న పిల్ల! ఎక్కడో లోపం ఉండకపోదు. అది పట్టుకుని పదిమందిలో చెప్పాలి.

తెల్లారగానే బండి తీశాడు. మునగపాకలో గానుగ ఇంకా తిప్పలేదు. గానుగలో చెరకు గెడలు పెట్టే కాసులమ్మ నేల ఊడుస్తోంది. ఓ మూలన తన ఇనుప తొడుగు తుప్పు పట్టి పడి ఉంది. కొత్తదాని నోరు చూస్తే బాగా వెడల్పు. ఇందులో చెయ్యి పోదూ! నూరుద్దీన్ చెయ్యి పెట్టాడు. మోచెయ్యి దాటినా రోలరు తగల్లేదు. భుజం ఆనేదాకా తోసి వేళ్లు చాపాడు. తగల్లేదు.

"ఏటి ఎతుకుతన్నావు భాయ్?" అంది కాసులమ్మ.

"నా తొడుగుకేటొచ్చింది? ఎందుకు తీసేసేరు?"

"నేనే తీసేసేను. దాంట్లో ఒక్క గెడే పడతాది. మూడేసి తొయ్యకపోతే మాకు పని తెమలదు. మహేక్ మూడు రోజులు నా పక్కన నిలబడి గెడలు పెట్టింది. ఎన్ని పెడతావు, ఎలాగ పెడతావని అడిగి మరీ సేసింది. నువ్వెప్పుడైనా అడిగేవా?"

ఆవిడ చీపురు పక్కన పెట్టింది. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. "నీది తీసిన వారానికే పోయేయి," అంది, తప్పంతా తనదే అన్నట్టు.

నూరుద్దీన్ చెయ్యి ఇంకా తొడుగులోనే ఉంది. ఇంతసేపూ తను కోరుకున్నది వేళ్లకు ఆ రోలరు తగలాలనే. మెల్లగా చెయ్యి బయటికి తీసుకున్నాడు.

తీరా బయల్దేరబోతుంటే లోపం దొరికింది. అడుగున రెండు మేకులు వదులయ్యాయి, అక్కడ బోల్టులు వెయ్యాల్సింది. ఎవరితోనూ అనలేదు. సంచిలోంచి బరమా తీసి కన్నాలు పెట్టి బోల్టులు బిగించాడు. బిగిస్తున్నంతసేపూ ఆ పిల్ల మీద ఉడుక్కుంటూనే ఉన్నాడు.