వర్తూరులో మంచి వైసు ఉండాదంట

మొన్న ఆదివారం నాకేం జరిగిందో చెప్తాను, కానీ నవ్వకూడదు. ఇప్పటికే మా కాటన్‌పేట మొత్తం నవ్వింది, అది చాలు. మీలో ఎవరు నవ్వినా ఈ కాఫీ గ్లాసు ఇక్కడే పెట్టి లేచిపోతా. ఇనుము కోసం పోయినవాణ్ణి పట్టుకుని ఎవరైనా ముఖం మీదే "ఈ మనిషి వద్దు" అంటారా? నన్నన్నారు.

మీకు తెలిసిందే కదా, యుద్ధం ముగియగానే ఫ్యాక్టరీలో మనుషులు ఎక్కువైనారని మాలాంటి ఫిట్టర్లను ఇంటికి పంపేశారు. ఇంకొకడి గేటు ముందు నిలబడకూడదని ఒట్టేసుకుని, మా వీధి గదిలోనే చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నా. మగ్గాల సామాను బాగుచేసే పని. పట్టు మగ్గాలు నడిపే ఒక పెద్దమనిషి చుట్టూ తిరగ్గా తిరగ్గా చివరికి ఒక ఆర్డరు ఇచ్చాడు. బుధవారానికి ముగించి ఇస్తే ఆయన మగ్గాల పనంతా నాదే. ఇవ్వలేకపోతే షాపు మూసుకుని మళ్ళీ ఆ గేటు దగ్గరికే పోవాలి. సరిగ్గా ఆ పని చేతిలోకి తీసుకున్న రోజే నా వైసు విరిగింది.

వైసంటే బల్లకు బోల్టులేసి బిగించి ఉంటుందే, అది. రెండు దవడల మధ్య ఇనుప ముక్కను పెట్టి పిడి తిప్పితే కదలకుండా పట్టుకుంటుంది. అది లేని ఫిట్టరూ చేతుల్లేని ఫిట్టరూ ఒకటే. నేను కొన్నది కొత్తది. పచ్చరంగు పూసి తళతళలాడుతూ ఉండేది. సుత్తితో నాలుగు తట్లు తట్టానో లేదో, దవడ అప్పడంలా విరిగి నా కాలి మీద పడింది. చూస్తే లోపలంతా బుడగలు బుడగలుగా పోసిన పోత ఇనుము. కుంటుకుంటూ అమ్మినవాడి దగ్గరికి పోతే వాడేమన్నాడో తెలుసా? "వార్ క్వాలిటీ సార్" అన్నాడు. యుద్ధం అయిపోయింది కదయ్యా అంటే, "సరుకు అయిపోలేదు సార్" అన్నాడు. ఆ విరిగిన దవడతోనే వాడి దవడ పగలగొట్టి ఉండాల్సింది.

ఇక కొత్తది వద్దే వద్దు, యుద్ధానికి ముందుది, సుత్తులకింద నలిగి గట్టిపడ్డ పాత వైసే కొనాలని తీర్మానించుకున్నా. పాత సామాను అమ్మే గుజరీ అంగళ్ళన్నీ తిరిగా. ప్రతివాడూ "నిన్ననే పోయింది అప్పా" అనేవాడే. అంత మంచి సరుకంతా నిన్ననే పోతే ఈ రోజు అంగడి ఎందుకు తెరిచాడో వాణ్ణే అడగాలి. ఆ కోపమంతా మోసుకుని ఇంటికొచ్చి భోజనం ముందు కూర్చున్నా.

మా అమ్మ పోయినప్పటినుంచి నన్ను పెంచింది మా చిన్నమ్మ. ఆమెకు లోకంలో ఒకటే దిగులు, నాకు పెళ్ళి కాలేదని. ఆ మాటెత్తితే నేను కంచం ముందునుంచి లేచిపోతానని ఆమెకు తెలుసు. అందుకే ఈ మధ్య ఎత్తడం మానేసింది. ఆ పూట ఆమె వడ్డిస్తుంటే నేనే మొదలుపెట్టా.

"ఒక మంచి వైసు దొరికితే చాలు చిన్నమ్మా. పాతదైనా ఫర్వాలేదు. గట్టిగా ఉండాల, అంతే."

చిన్నమ్మ గరిటె ఆపింది. "పాతదంటే ఏమాత్రం పాతదప్పా?"

"ఎంత పాతదైతే అంత మంచిది. ఈ మధ్య వచ్చేవాటికి పైన సింగారమే గానీ లోపల బలమే లేదు."

"బాగా చెప్పినావు నాయనా," అని కొంగుతో కళ్ళొత్తుకుంది. నా పనికష్టం చూసి ఏడ్చే మనిషి ఒకరైనా ఉన్నారని నా కడుపు నిండింది. ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువే తిన్నా.

ఆ వారంలోనే వర్తూరులో ఎవరింట్లోనో నామకరణానికి పోయివచ్చింది. రాగానే, చెప్పులైనా విప్పకుండా, "వర్తూరులో ఉండాదప్పా. మంచి వైసు. నా కండ్లారా చూసినా," అంది.

"గట్టిగా ఉండాదా?"

"ఆ ఇంట్లో బరువు పనంతా దానిదే."

"ఇస్తారంటనా?"

"ఎన్నాళ్ళని ఇంట్లోనే పెట్టుకుంటాము, వచ్చి చూసుకొని నచ్చితే సరే అన్నారు. ఆదివారం వస్తావని చెప్పేసినా."

ఇక్కడ తప్పెవరిదో మీరే చెప్పండి. మా ఇళ్ళలో వయసును వైసు అనే అంటారు, మంచి వైసంటే పెళ్ళీడుకొచ్చిన పిల్లనే. సరే, అదొక్కటే అయితే ఎక్కడో ఒకచోట బయటపడేవాణ్ణి. చిన్నమ్మ కన్నడంలో చెప్పి ఉన్నా మొదటి మాటకే తేలిపోయేది. వాళ్ళకు ఆడమనిషైతే "ఇద్దాళె", వస్తువైతే "ఇదె". మన తెలుగులో చిన్నమ్మకీ ఉండాదే, సుత్తికీ ఉండాదే. ఈ భాషను ఇట్లా తయారుచేసినవాడు నాకు దొరకాలి.

ఆదివారం పొద్దున నేను ఖాకీ నిక్కరు వేసుకుని, సైకిలు క్యారియరుకి గోనెసంచి, తాడు కట్టుకుంటుంటే చిన్నమ్మ అడ్డం వచ్చింది. కోటు వేసుకోమంది. సరిగ పంచె కట్టుకోమంది. నెత్తికి తలపాగా, అదే పేటా, పెట్టుకోమంది.

"ఇనుము మోసుకొచ్చేదానికి పేటా ఎందుకు చిన్నమ్మా?"

"పెద్దోళ్ళ ఇంటికి పోతావుండావు. సుమ్నే ఎదురు చెప్పకుండా నా మాట వినప్పా."

ఇంకా ఆకూవక్కా, అరటిపళ్ళూ, పూలూ పెట్టిన సంచి చేతికిచ్చింది. నాకు అనుమానం రావాల్సింది కదా అంటారు మీరు. ఎందుకొస్తుందప్పా? ఆయుధపూజ వస్తే రంపానికీ సుత్తికీ కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, హారతి ఇచ్చే ఇల్లు మాది. ఇంటికి రాబోయే ఇనుముకు తాంబూలం ఇస్తే తప్పేముందనుకున్నా.

దోవ పొడుగునా దుమ్ము, గుంతలు. పంచె చైనులో ఇరుక్కుని ఒకపక్క నల్లగా గ్రీజు అంటుకుంది. వర్తూరు చేరేసరికి చెమటకు పేటా నెత్తిమీంచి కళ్ళమీదికి జారింది. చెరువు గట్టు దిగగానే ఆ ఇల్లు. ఇంటాయన మునిస్వామప్ప వాకిటి అరుగు, అదే జగలి, మీద చాప పరిపించి నా కోసమే కూర్చుని ఉన్నాడు. నా చేతిలోని సంచి లోపలికి పోయింది, లోపలినుంచి ఉప్పిట్టు, కాఫీ వచ్చాయి. ఒక వైసుకు ఇంత మర్యాదా, పల్లెటూరి మనుషులంటే మనుషులే అనుకున్నా.

"నిదానంగా తినప్పా," అన్నాడు ఆయన.

"తినేది ఎప్పుడైనా తింటాము. ముందు దాన్ని చూపించండి. నచ్చితే ఈ పొద్దే కట్టుకొని పోతా."

ఆయన కాస్త తడబడ్డాడు. "ఈ పొద్దేనా? పెద్దోళ్ళు మాట్లాడుకోవల్ల గదా."

"మాట్లాడేదేముండాది? ఎంత కాలం నాటిది అది?"

ఆయన గొంతు తగ్గించాడు. "దాచుకునేదేముందిలే. ఇరవై ఆరు నడుస్తా ఉండాది."

"అయితే మంచిదే. యుద్ధానికి ముందరిది. ఈ మధ్య వచ్చేవి ఒక్క దెబ్బకే విరిగిపోతాయి."

"దెబ్బలా?"

"మా దగ్గర పొద్దున్నుంచి సాయంత్రందాకా దెబ్బలే కదప్పా. తట్టుకునేది కావల్ల."

లోపల ఏదో చెంబు కిందపడింది. నాకు చెవికెక్కితే కదా. నేను లెక్కలేసుకుంటున్నా, ఆ వైసు ఎన్ని అంగుళాల ముక్కను పడుతుందోనని. "నోరు ఎంతమటుకు తెరుచుకుంటాది?" అని అడిగా.

"మా ఇంట్లో నోరు తెరిచేదనేదే లేదు," అన్నాడు ఆయన, ముఖం ఎర్రగా చేసుకుని.

"తెరుచుకోకుంటే నాకెందుకప్పా? పోనీలెండి, తుప్పు పట్టి ఉంటాది. ఆముదం పోసి ఒక రాత్రి పెట్టి, పొద్దున సుత్తితో నాలుగు తట్లు తడితే అదే తెరుచుకుంటాది. తర్వాత వీధి గదిలో బల్లకు బోల్టులేసి బిగించేస్తా. కదిలేదే ఉండదు."

మునిస్వామప్ప లేచాడు. కూర్చున్నప్పుడు అంత పెద్ద మనిషని తెలియలేదు. "బోల్టులేస్తావా?" అన్నాడు. "నా కూతురికి బోల్టులేస్తావా?"

"కూతురా? కూతురెవరు? నేను వైసు కోసం వచ్చినా."

"వైసు చెప్పినా గదా ఇరవై ఆరని."

అప్పుడర్థమైంది నాకు, చిన్నమ్మ చూసొచ్చింది ఇనుమును కాదు, పిల్లనని. ఆ క్షణంలో చిన్నమ్మ నా ఎదురుగా ఉంటే ఏమనేవాణ్ణో నాకే తెలియదు. కానీ నేనూ తగ్గలేదండీ. ఎండలో అంతదూరం తొక్కుకుంటూ వచ్చాను, ఆర్డరు అక్కడ అట్లే పడి ఉంది, వైసు లేదు. "ఇనుము లేనప్పుడు ఉండాదని ఎందుకు చెప్పినారు?" అని నేను అరుస్తున్నా. "మా పిల్ల నీకు ఇనుమా?" అని ఆయన అరుస్తున్నాడు. వీధిలోవాళ్ళు పనులు మానుకుని వచ్చి నిలబడ్డారు.

అప్పుడు వచ్చింది ఆ అమ్మాయి. పేరు రత్నమ్మ. చేతిలో చాట. పెళ్ళిచూపులకని కట్టుకున్న పట్టుచీరలోనే ఉంది, ఏడుస్తూ మాత్రం లేదు.

"నాయనా, స్వల్ప ఆగు," అంది. "ఈయన అడిగేది మా తాతది. బండికొట్టంలో మొద్దుకు బిగించి ఉండాదే, తాత కొడవళ్ళకు పదును పెడతా ఉండె, అది. దాన్ని కూడా వైసే అంటారు."

బండికొట్టంలోకి పోయి చూశా. ఏం చెప్పమంటారు? గడ్డి కింద, కోళ్ళ రెట్ట కింద, నల్లగా, నిండుగా కూర్చుని ఉంది. కోటు చేతితోనే తుడిచా. పోత కాదు, కాల్చి కొట్టిన ఇనుము. పళ్ళు ఒక్కటీ అరగలేదు. పిడి ముట్టుకుంటే వెన్నలో తిరిగినట్టు తిరిగింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని మూస్తున్నా, తెరుస్తున్నా, చెవి ఆనించి మరలో చప్పుడు వింటున్నా. నా షాపు నిలబడిపోయిందని తెలిసి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. వెనక ఆ ఇంటిల్లిపాదీ నిలబడి చూస్తున్నారన్న సంగతే మర్చిపోయా.

రత్నమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. గ్రీజు పంచె, జారిన పేటా, కోళ్ళ రెట్ట అంటిన కోటు. తర్వాత వాళ్ళ నాయనతో, గొంతేమీ తగ్గించకుండా చెప్పింది.

"నాయనా, ఆ ఇనుము ఇచ్చి పంపించేయి. ఈ మనిషి వద్దు. వైసు బాగా ముదిరిండాది. నోరు కావలసినంత తెరుచుకుంటాది. పట్టు మాత్రం లేదు."

జనం నవ్వారు. మునిస్వామప్ప కూడా మీసం కింద నవ్వాడు. నేను ఆ పిల్లను అడగలేదు, అడగాలన్న తలంపే నాకు లేదు, పెళ్ళే వద్దన్నవాణ్ణి. మరి ఆమె వద్దంటే నాకు ఎందుకంత మండిందో ఈ పొద్దుకీ తెలియడం లేదు.

దానికి వెల కట్టమంటే మునిస్వామప్ప ఒప్పుకోలేదు. "ఇనుమూ తీసుకుపో, నీ తాంబూలమూ తీసుకుపో. ఇంకొకసారి ఈ వీధిలో కనపడొద్దప్పా," అన్నాడు. వైసును ఆయనే ఎత్తి క్యారియరు మీద పెట్టాడు. తాడు బిగించి కట్టింది మాత్రం రత్నమ్మ. ముడి ఎంత గట్టిగా వేసిందంటే ఇంటికొచ్చాక కోయాల్సొచ్చింది.

ఆ బరువుకి దారిలో వెనక ట్యూబు పేలింది. అక్కడినుంచి ఇంటిదాకా తోసుకుంటూ వచ్చా. ఎదురొచ్చిన ప్రతివాడూ పేటా చూసి, కోటు చూసి, సైకిలు మీది మూట చూసి, "యాడప్పా పెండ్లి?" అనేవాడే. కాటన్‌పేటలో మా వాకిట్లో చిన్నమ్మ హారతి పళ్ళెంతో నిలబడి ఉంది.

"ఏమన్నారప్పా?"

"ఇచ్చేసినారు," అన్నా పళ్ళు కొరుకుతూ.

"ముహూర్తం ఎప్పుడంట?"

ఇక నాలో ఉన్నదంతా బయటికొచ్చింది. ఆమె చెప్పిన ప్రతి మాటా ఆమెకే చెప్పి అరిచా. ఆమె అంతా విని పళ్ళెం జగలి మీద పెట్టింది. "ఇన్నేండ్లకు నీ నోట పెండ్లి మాట వచ్చిందని, నామకరణానికి పోయినచోట అందరి కాళ్ళూ పట్టుకుంటినప్పా," అంది మెల్లగా. తర్వాత ఆ పళ్ళెంలోని కుంకుమ తీసి వైసుకే పెట్టింది.

బుధవారానికి ఆర్డరు ముగించి ఇచ్చేశా. పెద్దమనిషి సామాను తిప్పి తిప్పి చూసి మిగతా మగ్గాల పని కూడా పంపిస్తానన్నాడు. షాపు నిలబడింది. సంతోషపడదామంటే మనుషులు పడనిస్తేగా. చిన్నమ్మ కొళాయి దగ్గర ఎవరితోనో తన బాధ చెప్పుకుందట. ఇప్పుడు వీధిలో పోయే ప్రతివాడూ నా వాకిట్లో తల దూర్చి, "ఏమప్పా, వైసు కుదిరిందా?" అని అడిగి పోతున్నాడు. వాళ్ళలో ఒక్కడైనా పని తెచ్చినవాడు లేడు.

నిన్న మధ్యాహ్నం ఎవరో ముఖం తెలియని మనిషి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. చేతిలో లావు ఇనుప కడ్డీ ఉంది, అది నా కంటికి ఆనలేదు. లోపలికి తొంగి చూసి, "మీ వైసు ఎంతప్పా?" అన్నాడు.

నాకు తిక్క నెత్తికెక్కింది. చేతిలో ఆకురాయి విసిరేసి బయటికొచ్చా. "ముప్పై ఆరు. అయితే ఏమి? నీ కూతుర్నేమన్నా అడిగితినా?"

ఆయన నన్నొకసారి చూశాడు. లోపల బల్ల మీదున్నదాన్ని ఒకసారి చూశాడు. కడ్డీ చంకలో పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"ముప్పై ఆరంగుళాలా అప్పా?" అన్నాడు.