పచ్చ తలుపు ఇల్లు

శుక్రవారం సెలవు దొరికితే చెంగమ్మ కువైట్‌లోని అబూ హలీఫా సముద్రపు ఒడ్డున చెప్పులు విడిచి, వాటి మీదే కూర్చుంటుంది. నోరు మాత్రం కూర్చోదు. తాను పనిచేసే ఇంటి అరబ్బు అమ్మగారు, అదే 'మామా'తో పోయిన వేసవిలో హాలెండు వెళ్లొచ్చింది కదా, అక్కడి చిన్న పల్లెను తోటి పనిమనుషులకు ఫోనులో చూపిస్తుంది. "ఆ ఊరు ఒకప్పుడు సముద్రమంటమ్మే. గాలిమరలు పెట్టి నీళ్లు తోడేసినారంట. మన రాజంపేటలో తాగను చుక్క ల్యాకపాయ, వాళ్లు సముద్రాన్నే పారబోసినారు!" అందరూ నవ్వుతారు. కొయ్యచెప్పులు, కాలవ మీద పైకి లేచే వంతెన, అన్నీ నిదానంగా చూపిస్తుంది. పచ్చ తలుపు ఇల్లు రాగానే మాత్రం వేలు గబగబా జరుపుతుంది.

హాలెండులో ఆ రోజు ఆ ఇంటి ముందు ఓ ముసలామె మోకాళ్ల మీద కూర్చుని గడప రాయి తోముతోంది. మామా బిడ్డను చంకనెత్తుకున్న చెంగమ్మ, పనిమనిషే అనుకుని, చిటికె వేసి "యల్లా, వాటర్!" అని తొందరపెట్టింది. అచ్చం మామా గొంతే. ముసలామె చేతులు తుడుచుకుని గాజు గ్లాసులో నీళ్లు తెచ్చిచ్చింది. అంతలో గైడు వచ్చాడు. ఊళ్లోకెల్లా పాత ఇల్లు ఇదేనని, ఈమె తాతముత్తాతలు కట్టిందని మామాకు అరబ్బీలో చెప్పాడు. చెంగమ్మ తలెత్తలేకపోయింది. ఆమె చేతిలోని ఎంగిలి గ్లాసును ఆ ఇంటి యజమానురాలే అందుకుని, నవ్వుతూ లోపలికి వెళ్లింది.

"ఆ పచ్చ తలుపింట్లో ఏముండె అక్కా?" అని తోటి పనిమనిషి ఓబులమ్మ అడుగుతూనే ఉంటుంది.

చెంగమ్మ ముఖం సముద్రం వైపు తిప్పుకుంటుంది.

"తాళమేసుండె లేమ్మే."