తమ్ముడి శుభలేఖల మీద నా పేరు

లెక్కగడితే నేను పోగొట్టుకున్నవి వంద శుభలేఖలు, ఒక తమ్ముడి పలకరింపు.

సిద్దిపేటలో ఇళ్ల నిర్మాణానికి అంచనాలు వేసే పని మొదలుపెట్టినప్పుడు విజిటింగ్ కార్డులు అచ్చువేయించడానికి డబ్బుల్లేవు. పెళ్లికి ముందే వధువు చనిపోవడంతో పంచకుండా మిగిలిన తమ్ముడి శుభలేఖలు అటక మీద ఉన్నాయి. ఒక్కోటి నాలుగు ముక్కలుగా కోసి, ఖాళీ వైపు నా పేరు రబ్బరు స్టాంపుతో గుద్ది, నాలుగు వందలూ పంచేశాను.

సిమెంటు దుకాణంలో ఒకటి తమ్ముడి చేతికొచ్చింది. వెనక్కి తిప్పాడు. ఆమె పేరు ఉంది, తన పేరు కోతలో విడిపోయింది.

“అన్నా, మేమిద్దరం కలిసున్నది గీ కార్డు మీదనే. దీన్ని గూడ కోసినవా?”

అప్పటినుంచి నాతో మాట్లాడడు. కార్డులు వెనక్కి ఇమ్మని దుకాణాలు తిరుగుతున్నాను. “ఇచ్చిన కార్డు మల్ల అడుగుతవేందే?” అని నవ్వుతారు.

మూడు వందల అరవై రెండు దొరికాయి. తమ్ముడికి ఇంకా ముప్పై ఎనిమిది బాకీ.