పెద్దమ్మ ఉడికించిన థర్మోస్టాట్

పొయ్యిమీద నీళ్లు మసిలే చప్పుడు వింటే చాలు, నా తెలివితక్కువతనం గుర్తొచ్చి నేనూ కాస్త ఉడుకుతాను. సూర్యాపేటలో కిరాయి కారు నడిపే నాకు, ఇంజన్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని గట్టి నమ్మకం. రేడియేటర్ ఫ్యాన్ స్విచ్ పాడైతే, షాపులో ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్న అంకె ఉన్నదాన్ని ఏరి తెచ్చాను. ఎనభై రెండు డిగ్రీలకే ఫ్యాన్ లేస్తుందన్నమాట. లేచింది, కూర్చోవడమే మరిచిపోయింది. తిరిగి తిరిగి దాని మోటార్ మాడింది. అదీ, పక్కింటి ఎలీశమ్మ పెద్దమ్మ చెల్లెలి బిడ్డ నిశ్చితార్థానికి మిర్యాలగూడ పోతున్న రోజున! పట్టుచీరలన్నీ ఆటోలెక్కాయి. నేను ఆవిరి కక్కుతున్న బానెట్ పక్కన నిలబడ్డాను.

పెద్దమ్మ సర్కారు దవాఖానలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు తన పాత కారు తానే నడుపుకునేది, రిపేర్లూ తానే చేసుకునేది. తిడుతుందనుకుంటే, "పెళ్లినాడు పిల్ల నీ కారులనే చర్చికి పోతది" అంది.

"మళ్లా నా కారే?"

"ఇంకొకడైతే కొత్తగ చెడగొడ్తడు. నువ్వు ఒకసారి చెడగొట్టి ఉన్నవ్ కద!"

నేను తెచ్చిన స్విచ్చును, ఇంజన్‌లోని పాత థర్మోస్టాట్‌ను అరచేతిలో పెట్టుకుని అంకెలు చూపించింది. "ఈ థర్మోస్టాట్ గేటు. ఎనభై ఎనిమిదికి తెరుసుకొని వేడినీళ్లు రేడియేటర్‌కు వదుల్తది. నీ ఫ్యాన్ ఎనభై రెండుకే లేస్తదాయె. ఇగ దానికి నిద్ర ఎప్పుడు బిడ్డా? ఫ్యాన్ అంకె గేటు అంకెకు పైన ఉండాలె. ముందు నంబర్, తర్వాత మందు."

ఆ రోజు వేడికి థర్మోస్టాట్ కూడా పాడైంది. మిర్యాలగూడలో తళతళలాడే కొత్తది కొన్నాను. పెద్దమ్మ దాన్ని బిగించనీయలేదు. దారం కట్టి చాయ్ గిన్నెలో వేలాడదీసింది. నీళ్లు కుతకుతలాడుతున్నాయి, అది మాత్రం మూసుకునే ఉంది.

"నోరు తెరుస్తలేదు పెద్దమ్మా."

"అది తెరువకపోతే పెళ్లినాడు నువ్వు తెరుస్తవ్."

పారేసి, సూర్యాపేటలో ఇంకోటి తెచ్చాను. నీళ్లు మసలకముందే తెరుచుకుంది, ప్లేటులో చల్లారగానే మూసుకుంది. ఫ్యాన్‌కు కొత్త మోటార్ వేయించి, స్విచ్ గేటు కంటే పై అంకెది తెచ్చాను. ఆ చాయ్ గిన్నెను పెద్దమ్మ నాతోనే తోమించింది.

పెళ్లినాడు నా కళ్లు డాష్‌బోర్డు మీది ముల్లును వదల్లేదు. వెనక నుంచి పెళ్లికూతురు, "అన్నా, జర రోడ్డు గూడ సూడు" అంది. ముల్లు మధ్యలోనే ఉంది. ఫ్యాన్ లేచేది, కాసేపు తిరిగి ఆగేది. చర్చి గేటు ముందు ఫ్యాన్ ఆగాకే ముల్లు మీంచి కళ్లు తీశాను. పిల్ల నవ్వుతూ దిగింది. పెద్దమ్మ బానెట్ మీద చెయ్యి వేసి చూసి, "పేషెంట్ బాగున్నడు" అని లోపలికి పోయింది.

ఇప్పుడు ఏ సామాను కొన్నా ముందు అంకె చదువుతాను, తర్వాత గిన్నె అడుగుతాను. ఇంట్లో గిన్నెలు దాచేస్తున్నారు.

మొన్న పెద్దమ్మ మిర్యాలగూడలో చెల్లెలి దగ్గర ఉండటానికి నా కారులో బయల్దేరింది. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. "ఏం లేదు, గోలీ ఏసుకుంట, నడువు" అంది. నేను తాళంచెవి జేబులో వేసుకుని, ఆమె సంచిలోని థర్మామీటరే తీసి ఇచ్చాను.

"ముందు నంబర్ పెద్దమ్మా. తర్వాత మందు."

హెడ్ నర్సు నోట్లో థర్మామీటర్ పెట్టుకుని, కళ్లతోనే నన్ను తిడుతూ కూర్చుంది. వంగి అంకె చదివాను, జ్వరం లేదు. అయినా ఇంకాసేపు ఉండనిచ్చాను. ఆమె మాట్లాడకుండా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి.